‘సంతృప్తికరం’ అంటే ఎన్ని లీటర్లు?

మీలో చాలామంది నాగార్జునసాగర్‌కు విహారయాత్రకు వెళ్ళే ఉంటారు. గేట్లెత్తినప్పుడు నురగలు కక్కుతూ దూకే నీళ్ళను చూసి, ఫొటోలు దిగి, లాంచీ ఎక్కి నాగార్జునకొండకు పోయి ఉంటారు. మరి ఆ గేట్లకు అటూ ఇటూ నిలబడ్డ గోడను ఎంతమంది చూశారు? అదంతా కాంక్రీటే అనుకునేవాళ్ళు ఎక్కువ. కాదు. రాయి మీద రాయి పేర్చి, సందుల్లో సిమెంటు గచ్చు నింపి, వేలాదిమంది తాపీ మేస్త్రీలూ కూలీలూ చేతులతో కట్టిన గోడ అది. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎత్తు 124 మీటర్లకు పైమాటే. రాతి కట్టడపు డ్యాంలలో ప్రపంచంలోనే దీన్ని మించినది లేదని మనం గర్వంగా చెప్పుకుంటాం.

దాని గొప్పతనం చెప్పడానికి మాత్రం ఈ వ్యాసం కాదు. ఇలాంటి రాతి డ్యాం ముసలిదయ్యాక దాని ఆరోగ్యం ఎలా ఉందో ఎలా తెలుసుకోవాలి? ఇప్పుడు మనం తెలుసుకుంటున్న పద్ధతి సరైనదేనా? నా మటుకు నాకు, కాదనిపిస్తోంది. ఎందుకో చెబుతాను. ఒప్పుకోవాలో వద్దో మీరు లెక్క వేసి తేల్చుకోండి. లెక్క పెద్ద కష్టమేమీ కాదు, ఎనిమిదో తరగతి చాలు.

కొన్నేళ్ళ క్రితం ఓ ఇంజనీరు మిత్రుడు నన్ను ఒక పాత రాతి డ్యాం చూడ్డానికి తీసుకెళ్ళాడు. ఊరి పేరు ఇక్కడ అక్కర్లేదు. గేట్ల పక్కన గదిలో తనిఖీ రిజిస్టరు ఉంది. తిరగేశాను. ‘ఊట’ అనే గడిలో నెలనెలా ‘సాధారణం’ అని రాసి ఉంది. ‘డ్యాం స్థితి’ అనే గడిలో ‘సంతృప్తికరం’. పేజీ తిప్పినా అదే మాట, అదే చేతిరాత, అదే సిరా. కింద కాలువలో ఊటనీటిని కొలవడానికి పెట్టిన రేకు నాచుపట్టి, దాని ముందు బురద పేరుకొని ఉంది. పక్కనే ఉన్న లస్కరును అడిగాను: “సాధారణం అంటే ఎంతండీ?” ఆయన ఏమాత్రం తడుముకోకుండా, “ఎప్పుడూ కారేదేనండీ” అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టను. రోజూ ఆ గట్టు మీద నడిచేది ఆయనే. ఎక్కడ చెమ్మ కొత్తగా వచ్చిందో పట్నం నుంచి ఏడాదికోసారి జీపులో వచ్చేవాళ్ళకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. తప్పు ఆ గడిది. అంకె రాయాల్సిన చోట విశేషణం రాయనిచ్చిన ఆ ఫారానిది.

బరువే బలం

రాతి డ్యాంలలో ఎక్కువ భాగం తమ బరువుతోనే నిలబడతాయి. అందుకే వాటిని గురుత్వ ఆనకట్టలంటారు. (అన్నీ అలాంటివే కావు. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు కట్ట 19వ శతాబ్దపు తొలి ఏళ్ళలో కట్టినది. 21 రాతి కమానులు వరసగా నీటికి వీపు ఒడ్డి నిలబడ్డాయి. జూపార్కుకు వెళ్ళినప్పుడు ఆ చెరువు వైపు కూడా ఓసారి చూసి రండి.) గోడను ఒక మీటరు పొడవున కోసిన ముక్కగా ఊహించుకోండి. నీరు దాన్ని అవతలికి నెడుతుంది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది: 10 మీటర్ల లోతున చదరపు మీటరుకు 10 టన్నులు, 40 మీటర్ల లోతున 40 టన్నులు. మొత్తం నెట్టుడు కావాలంటే లోతును లోతుతో గుణించి రెండుతో భాగించండి. 100 మీటర్ల నీటికి ప్రతి మీటరు పొడవు మీద 5,000 టన్నులు. ఇక పడదోసే శక్తి, అంటే భ్రామకం, లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది.

ఈ ‘ఘనం’ అన్న మాటను గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పని పడుతుంది.

నెట్టుడుకు ఎదురు నిలిచేది రాతి బరువు. మంచి రాతి కట్టడం ఘనపు మీటరుకు సుమారు 2.3 టన్నులు తూగుతుంది. బరువుంది కదా, ఇక భయమేమిటి అనుకోకండి. నీరు ముందు నుంచి నెట్టడంతో ఊరుకోదు. పునాది కిందికీ రాళ్ళ సందుల్లోకీ దూరి పైకి లేపుతుంది కూడా. దీన్ని ఊర్ధ్వ పీడనం అంటారు. నీటి వైపు అంచులో, అంటే డ్యాం మడమ దగ్గర, పూర్తి పీడనం, అవతలి మునివేళ్ళ దగ్గర సున్నా అనుకుందాం. డ్యాం అడ్డుకోతను త్రిభుజంగా తీసుకుంటే దాని బరువు: ఎత్తు × అడుగు వెడల్పు ÷ 2 × 2.3. పైకి లేపే బలం: ఎత్తు × అడుగు వెడల్పు ÷ 2 × 1. రెంటినీ భాగించి చూడండి. డ్యాం బరువులో 43 శాతాన్ని నీరు ఎత్తుకుపోయింది! కట్టడం సాంద్రత 2.3 కాక 2.1 మాత్రమే అయితే 48 శాతం. సాంద్రతలో పదో వంతు కూడా లేని తేడా ఎంత పని చేసిందో చూశారా? కట్టడం సాంద్రత ఎంత అన్న ప్రశ్నకు పుస్తకంలోని అంకె వేసి సరిపెట్టుకోవడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ పాఠం ఇంజనీర్లకు చవగ్గా రాలేదు. ఫ్రాన్స్‌లో ఎపినాల్ పట్టణం దగ్గర బూజే అనే రాతి డ్యాంను 1880 నాటికి పూర్తిచేశారు. 1884లో గోడలో 135 మీటర్ల మేర ముక్క అడుగు దాకా ముందుకు జరిగింది. మరమ్మతు చేశారు, అడుగు భాగాన్ని బలపరిచారు, మళ్ళీ నీరు నింపారు. 1895 ఏప్రిల్ 27న తెగిపోయింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఎక్కడ తెగిందో గమనించండి. బలపరిచిన అడుగు దగ్గర కాదు, దానికి పైన. నీటి వైపు ముఖం మీద సందులు విచ్చుకొని, నీరు లోపలికి దూరి, పైభాగాన్ని లేపి తోసేసింది. ఆ తరవాతే మోరిస్ లెవీ అనే ఇంజనీరు ఒక నియమం ప్రతిపాదించాడు: నీటి వైపు ముఖంలో ఏ చోటనైనా రాతి మీది ఒత్తిడి ఆ లోతులోని నీటి పీడనం కంటే ఎక్కువగా ఉండాలి. ఉంటే నీరు సందు తెరవలేదు.

మన దేశంలో 1917 ఆగస్టులో గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యాం కూలడంలోనూ పునాది రాతి పొరల్లోకి చేరిన నీటి పాత్ర ఉంది.

అదే ఏడాది, అదే సున్నం

బూజే తెగిన 1895లోనే, అక్టోబరులో, మన దేశంలో ఓ రాతి డ్యాంకు ప్రారంభోత్సవం జరిగింది. అదే ముల్లపెరియార్. జాన్ పెన్నీక్విక్ ఆధ్వర్యంలో 1887లో మొదలుపెట్టి పడమటి కనుమల అడవుల్లో కట్టారు. పెరియార్ నది నీటిని సొరంగం గుండా తూర్పుకు మళ్ళించి వైగై లోయకు అందిస్తుంది. డ్యాం కేరళలో ఉంది, నడిపేది తమిళనాడు. 1886 నాటి ఒప్పందం ప్రకారం 999 ఏళ్ళ కౌలు. పొడవు 1,200 అడుగులు, పునాది నుంచి ఎత్తు 176 అడుగులు. ముఖాలు రెండూ రాతి కట్టడం, లోపలి కడుపంతా సున్నం–సుర్ఖీ కాంక్రీటు. సుర్ఖీ అంటే కాల్చిన ఇటుకల పొడి. సున్నంతో కలిస్తే నీటిలో కూడా గట్టిపడుతుంది. మన పాత ఇళ్ళ గచ్చు నేలలు కట్టిన మేస్త్రీలకు ఈ రహస్యం తెలిసిందే.

డిజైను వేసేనాటికి బూజే ఇంకా తెగలేదు. ఊర్ధ్వ పీడనాన్ని లెక్కలో వేసుకునే అలవాటు అప్పటికి లేదు. ఇందులో పెన్నీక్విక్ తప్పేమీ లేదు. కానీ 1895 తరవాతి వాళ్ళకు ఆ సాకు చెల్లదు.

ఈ డ్యాం గురించి దశాబ్దాలుగా జరుగుతున్న వాదన మీరు పేపర్లలో చదివే ఉంటారు. 1979లో నీటిమట్టాన్ని 152 అడుగుల నుంచి 136 అడుగులకు తగ్గించారు. కేంద్ర జలసంఘం సూచనతో డ్యాంను బలపరిచారు. 2006లో సుప్రీంకోర్టు 142 అడుగుల దాకా అనుమతించింది, కేరళ చట్టం చేసి అడ్డుకుంది. 2012లో సాధికార కమిటీ డ్యాం భద్రంగానే ఉందని నివేదిక ఇచ్చింది, 2014 మే 7న సుప్రీంకోర్టు మళ్ళీ 142నే ఖాయం చేసింది. ఎవరిది న్యాయమో చెప్పడం నా పని కాదు. రెండు వైపులా వినిపించే వాదనల తీరు మీదే నా ఫిర్యాదు.

ఒక వైపు వాళ్ళంటారు: ‘సున్నంతో కట్టినది, నూరేళ్ళు దాటింది, ఇక దాని పని అయిపోయింది.’ వయసు ఒక రోగం కాదు. సున్నంతో కట్టి, సరిగా చూసుకున్న కట్టడాలు శతాబ్దాలు నిలిచాయి. 15 ఏళ్ళకే తెగిన బూజే కూడా ఉంది. రెండో వైపు వాళ్ళంటారు: ‘ఇన్నేళ్ళు నిలబడింది కదా, ఇంకెన్నేళ్ళయినా నిలబడుతుంది.’ ఇది అంతకంటే అధ్వాన్నమైన తర్కం. పుణె దగ్గర ఖడక్‌వాస్లా రాతి డ్యాం 1879 నుంచి 82 ఏళ్ళు చెక్కుచెదరకుండా నిలబడింది. 1961 జులై 12న ఎగువన పాన్‌షెత్ మట్టికట్ట తెగి వచ్చిన నీరు దాని తల మీదుగా పొర్లింది. కొన్ని గంటల్లో అదీ తెగింది. 82 ఏళ్ళలో ఎన్నడూ మోయని బరువు ఆ ఒక్క పూటలో వచ్చి పడింది. నిన్నటి దాకా మోసినదానికి సాక్ష్యం నిన్నటి బరువు వరకే.

136, 142, 152 — ఆరేసి, పదేసి అడుగుల తేడాకు ఇంత రగడేమిటని మీరనుకోవచ్చు. ఇక్కడే ఇందాకటి ‘ఘనం’ కావాలి. నీటి లోతు ఆ అంకెలంతే అనుకొని మీటర్లలోకి మార్చి లెక్క వేయండి. 136 అడుగుల దగ్గర మీటరు పొడవుకు నెట్టుడు సుమారు 860 టన్నులు, 142 దగ్గర 940, 152 దగ్గర 1,070. పడదోసే భ్రామకమైతే 136 నుంచి 142కు 14 శాతం పెరుగుతుంది, 152కు 40 శాతం. మట్టం పెరిగింది 12 శాతమే! పత్రికలు ఈ చిన్న గుణకారం ఎన్నడైనా వేసి చూపించాయా? నాకు గుర్తులేదు.

ఇక బలపరచడం సంగతి. మూడు పనులు చేశారు: డ్యాం తల మీద ఆర్.సి.సి. టోపీ వేసి బరువు పెంచారు. పై నుంచి పునాది రాతి దాకా రంధ్రాలు తొలిచి ఉక్కు కేబుళ్ళు దించి బిగించారు. వెనుక వైపు కాంక్రీటు ఆనించి, అందులో నీరు పోవడానికి గ్యాలరీ పెట్టారు. మూడూ తెలివైన పనులే. కేబుళ్ళతో రాతి డ్యాంను పునాదికి బిగించే పద్ధతి 1934లో అల్జీరియాలోని షూర్ఫా డ్యాంలో ఆంద్రే కోయిన్ మొదలుపెట్టాడు. అయితే ఒక్కొక్కదానికీ ఒక్కో ప్రశ్న ఉంది. కేబుల్‌లో బిగువు ఈనాడు ఎంత ఉంది? ఉక్కు కాలక్రమేణా సడలుతుంది, తుప్పు పడుతుంది. చుట్టూ సిమెంటు పాలు పోసి మూసేస్తే మళ్ళీ కొలవడమూ కష్టం. వెనుక ఆనించిన కొత్త కాంక్రీటు పాత రాతితో ఏకమైందా, లేక రెండూ పక్కపక్కన నిలబడ్డాయా? ఏకమైతే లెక్క ఒకటి, కాకపోతే ఇంకొకటి. ‘బలపరిచాం’ అన్న మాటకూ ‘బలపడింది’ అన్న మాటకూ మధ్య ఉన్న దూరాన్ని కొలిచేదే అసలైన తనిఖీ. బూజేను కూడా బలపరిచారు మరి.

కేరళ కోసం ఐ.ఐ.టి. రూర్కీ నిపుణులు కంప్యూటర్ నమూనాతో లెక్కించి, పెద్ద భూకంపం వస్తే డ్యాంకు ప్రమాదమన్నారు. సాధికార కమిటీ భూకంపపరంగా కూడా ఢోకా లేదంది. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే, ఇద్దరి కంప్యూటర్లూ మంచివే. అలాంటప్పుడు జవాబులు ఎందుకు వేరయ్యాయి? కంప్యూటర్‌కు ముందుగా మనం కొన్ని అంకెలు ఇవ్వాలి: సాంద్రత, గచ్చు బలం, రాయీ గచ్చూ పట్టుకున్న పట్టు, అడుగున ఊర్ధ్వ పీడనం. అవి మారితే జవాబు మారుతుంది. రంగురంగుల బొమ్మలు చూసి మురిసిపోకుండా, ఏ నివేదికనైనా ఆ మొదటి అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగండి. డ్యాంలోంచి తీసి కొలిచినవా, పుస్తకంలోంచి ఎత్తి రాసినవా?

ఊట తగ్గితే సంతోషించాలా?

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు జరిగేది ఊట దగ్గర. ‘డ్యాంలో ఊట చాలా తక్కువ, కాబట్టి భద్రం’ అనే మాట తరచుగా వింటాం. ఊట పెరిగితే ప్రమాదం, తగ్గితే క్షేమం — వినడానికి ఎంత సబబుగా ఉంది!

సున్నపు కట్టడంలో నీరు ఏం చేస్తుందో చూడండి. గట్టిపడని సున్నం నీటిలో కొద్దికొద్దిగా కరుగుతుంది. ఊటనీరు దాన్ని మోసుకొచ్చి, బయటి గాలి తగలగానే కాల్షియం కార్బొనేట్‌గా పేర్చుతుంది. పాత డ్యాంల వెనుక ముఖం మీద తెల్లటి చారలు, గుహల్లోలాగా వేలాడే సున్నపు ముక్కలు కనిపించేది ఇందువల్లే. ఆ తెలుపు డ్యాం ఒంట్లోంచి పోయిన సున్నం. ఎంత పోయిందో కూడా లెక్కించవచ్చు. జలాశయంలోని నీటిలో సున్నం ఎంతుందో కొలవండి, ఊటనీటిలో ఎంతుందో కొలవండి. తేడా డ్యాందే. ఉదాహరణకు నిమిషానికి 100 లీటర్ల ఊట, లీటరుకు 50 మిల్లీగ్రాముల తేడా అనుకుందాం. ఏడాదికి 2.6 టన్నుల సున్నం కరిగిపోయినట్టు. పదేళ్ళలో 26 టన్నులు. మీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్ పట్టుకొని చేసే టైట్రేషనే ఈ పరీక్ష. ఇంత చవకైన పరీక్షను ఏ నెలకా నెల చేసి పక్కపక్కన రాసిపెట్టిన రిజిస్టరు నాకు ఒక్కటీ తారసపడలేదు.

ఇప్పుడు అసలు మెలిక. డ్యాం లోపల ఊర్ధ్వ పీడనం తగ్గించడానికి నిలువుగా రంధ్రాలు తొలిచి, లోపలికి దూరిన నీరు గ్యాలరీలోకి పడేటట్టు చేస్తారు. అవి బాగా పనిచేస్తే ఆ వరుస దగ్గర పీడనం మూడో వంతుకు పడిపోతుందని డిజైనులో లెక్క వేసుకోవడం మామూలు. కరిగివచ్చిన సున్నం ఆ రంధ్రాల్లోనే పేరుకుంటే ఏమవుతుంది? రంధ్రం మూసుకుపోతుంది. గ్యాలరీలో పడే నీరు తగ్గుతుంది. రిజిస్టరులో అంకె అందంగా కనిపిస్తుంది. లోపల మాత్రం పోవడానికి దారిలేని నీరు డ్యాంను పైకి లేపడం మొదలుపెడుతుంది. ఇందాక లెక్కించిన 43 శాతం గుర్తుంది కదా?

కాబట్టి ఊట ఒక్కటే కొలిస్తే అది సగం కొలత. పక్కనే పునాదిలో పీజోమీటరు, అంటే నీటి పీడనాన్ని చూపే గొట్టం, ఉండాలి. ఊట తగ్గి, పీడనం కూడా తగ్గితే నిజంగా సంతోషించవచ్చు. ఊట తగ్గి పీడనం పెరిగితే వెంటనే రంధ్రాలు శుభ్రం చేయించాలి. రెండో అంకె లేకుండా మొదటిదాన్ని కోర్టుల్లో, విలేకరుల సమావేశాల్లో సాక్ష్యంగా చూపడం నాడి పట్టుకోకుండా థర్మామీటరు ఒక్కటీ చూసి రోగిని ఇంటికి పంపినట్టు ఉంటుంది.

మరో సంగతి. ఊట ఎప్పుడూ జలాశయం మట్టంతో పాటు పెరిగి తగ్గుతుంది. చలికాలంలో రాయి ముడుచుకొని సందులు కాస్త విచ్చుకుంటాయి కాబట్టి అదే మట్టానికి ఊట ఎక్కువ ఉండవచ్చు. మట్టం, తేదీ పక్కన రాయని ఊట అంకె చెత్తబుట్టలోకి పోవాల్సిందే. కొలిచే తీరు కూడా ముఖ్యమే. ఊటనీటిని వి–నాచ్ అనే త్రికోణపు గాడి గుండా పంపి, ఎంత ఎత్తున పారుతోందో చూస్తారు. 90 డిగ్రీల గాడిలో 5 సెంటీమీటర్ల ఎత్తుంటే నిమిషానికి 46 లీటర్లు. 6 సెంటీమీటర్లయితే 73. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ చదివితే ఊట సగానికి పైగా పెరిగినట్టు కనిపిస్తుందన్నమాట. నాచు పట్టిన రేకును ఎందుకు అంతగా తలుచుకుంటున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కనపడని కడుపు

బయటి ముఖం చూసే పద్ధతులు పాతవే, చాలా మంచివి. గట్టు మీద ఒక కొసన నిలబడి ఒక కన్ను మూసి పిట్టగోడ వెంట చూడండి. గీత వంకర పోయిందా? సుత్తితో రాయిని తట్టండి. ఖంగుమంటే పట్టు ఉంది, బొదబొదమంటే వెనుక ఖాళీ ఉంది. పగులు మీద అడ్డంగా గాజు పలక అతికించి తేదీ రాసిపెట్టండి. పగులు కదిలితే గాజు పుటుక్కుమంటుంది. కానీ నీటి వైపు ముఖం సంగతేమిటి? బూజేలో కొంప ముంచింది ఆ ముఖమే. మన తనిఖీ ఫారాలు ఎక్కువగా వర్ణించేది మాత్రం ఎండలో పొడిగా కనిపించే వెనుక ముఖాన్నే. నీటి వైపు పాయింటింగు ఎంత ఊడిందో చూడాలంటే జలాశయం అడుగంటిన వేసవిలో పడవేసుకొని పోవాలి, లేకపోతే గజ ఈతగాళ్ళనో నీటిలో తిరిగే కెమెరానో దింపాలి.

లోపలిది చూడాలంటే రంధ్రం తొలిచి రాతి కడ్డీలాంటి కోర్ బయటికి తీస్తారు. ఇందులో ఒక చమత్కారం ఉంది. మంచి గచ్చు ఉన్న చోట కోర్ నిండుగా వస్తుంది. గచ్చు పాడైన చోట పిండిపిండై నీటితో కొట్టుకుపోతుంది, చేతికి ఏమీ రాదు. ప్రయోగశాలకు చేరేవి గట్టి ముక్కలే! వాటిని మరలో పెట్టి నలిపి, ‘బలం బాగుంది’ అని సర్టిఫికెట్టు ఇస్తే, బడికి వచ్చిన పిల్లల్ని మాత్రమే లెక్కపెట్టి ‘ఊళ్ళో జ్వరాలు లేవు’ అన్నట్టు. ఎంత పొడవు తొలిస్తే ఎంత కోర్ చేతికొచ్చింది అన్న శాతమే అక్కడ అన్నిటికంటే ముఖ్యమైన అంకె. దాంతో పాటు ధ్వని తరంగాలను గోడ ఇటునుంచి అటు పంపి వేగం కొలుస్తారు. బోలుగా ఉన్నచోట వేగం పడిపోతుంది. ఊటదారిని పట్టుకోవడానికి నీటిలో రంగునో ట్రేసర్‌నో కలిపి ఎక్కడ తేలుతుందో చూస్తారు. మన దేశంలో ఈ పనుల్లో ఆరితేరిన సంస్థల్లో ఒకటి కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం. అది ఉన్నది ఎక్కడో తెలుసా? ఖడక్‌వాస్లాలోనే.

సకాలంలో చూస్తే ఏం జరుగుతుందో చెప్పే ఉదాహరణ కూడా మహారాష్ట్రదే. ప్రవరా నది మీద 82 మీటర్ల ఎత్తున 1926లో పూర్తయిన భండార్‌దరా రాతి డ్యాంలో 1969లో పగుళ్ళు బయటపడ్డాయి, నీరు జోరుగా కారింది. మట్టం తగ్గించారు. వెనుక ఆనుడు గోడలు కట్టి, కేబుళ్ళు బిగించారు. ఇవాళ్టికీ నిలబడి ఉంది. దాని సంగతి పాఠ్యపుస్తకాల్లో ఉండదు, తెగిపోలేదు కాబట్టి.

ఎవరు చూడాలి?

2019 జాతీయ రిజిస్టరు ప్రకారం మన దేశంలో 5,700కు పైచిలుకు పెద్ద డ్యాంలున్నాయి. వాటిలో 200కు పైగా నూరేళ్ళు దాటినవి. 2021లో డ్యాం భద్రతా చట్టం వచ్చింది. వానాకాలానికి ముందు ఒకసారి, తరవాత ఒకసారి తనిఖీ తప్పనిసరి. చట్టం అమలైన ఐదేళ్ళలోపు ప్రతి పెద్ద డ్యాంనూ స్వతంత్ర నిపుణుల బృందం సమగ్రంగా పరీక్షించాలి, ఆపైన కూడా నిర్ణీత కాలానికోసారి. ఒక రాష్ట్రపు డ్యాం మరో రాష్ట్రంలో ఉంటే జాతీయ ప్రాధికార సంస్థ పర్యవేక్షిస్తుంది. కాగితం మీద ఇది మంచి చట్టమే. ఆ రెండు వార్షిక తనిఖీలు చేసేది మాత్రం డ్యాం యజమాని తాలూకు సిబ్బందే. దానికి నేను అంతగా అభ్యంతరం చెప్పను. లస్కరు కంటే బాగా ఎవరు చూడగలరు? నా అభ్యంతరమల్లా, ఆ చూసినది అంకెగా మారి బయటి కళ్ళకు కనపడకపోవడం మీద. వాన ఎంత పడిందో, ఉష్ణోగ్రత ఎంతో రోజూ పేపర్లో వేస్తారు. సాగర్‌లోనో శ్రీశైలంలోనో నీటిమట్టం ఎంతో వేస్తారు. ఊట ఎంత, పీజోమీటరు ఎంత చూపింది అన్నవి మాత్రం మన చేతికి వచ్చేది బహు అరుదు. జనం భయపడతారట! అంకెలు లేనప్పుడు మాత్రం జనం భయపడలేదా? ముల్లపెరియార్ దిగువన ప్రతి వానాకాలం ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాం.

మీకు దగ్గర్లో రాతి కట్టడపు డ్యాం లేకపోవచ్చు. ఏ పాత చెరువు తూము పక్కనో, అలుగు కిందనో సన్నగా నీరు కారుతూ ఉంటుంది. ఆయకట్టు పెద్దల అనుమతి తీసుకోండి. డబ్బా రేకును 90 డిగ్రీల గాడిగా కత్తిరించి, ఆ నీటికి అడ్డంగా బంకమట్టితో నిలబెట్టండి. రేకు వెనుక నీరు నిలకడగా ఉండాలి, ఆ నిలకడ నీటిలోనే, గాడికి కాస్త దూరంగా, స్కేలుతో ఎత్తు చూడండి. వారానికోసారి, అదే రోజు, అదే వేళ. చెరువు మట్టం ఎంతుందో పక్క గడిలో రాయండి. వాన పడితే అదీ రాయండి. సంక్రాంతి దాకా రాసి ఒక గ్రాఫు గీయండి. ‘సాధారణం’ అంటే ఎన్ని లీటర్లో ఆ చెరువు మటుకు మీకు తెలిసిపోతుంది.